మహిళా సంఘంలో హెచ్‌ఐవీ సెషన్ పెడితే నవ్వేశారు. ఈ పుస్తకాన్ని మన ఊళ్లకు ఎట్లా మార్చాలి?

హన్మకొండ_స్వాతి
నేను పనిచేసే సంస్థ పేరు చెప్పను. ఆడవాళ్లకు హెచ్‌ఐవీ సోకకుండా చూసే ప్రోగ్రాం ఒకటి నా నెత్తిన పెట్టారు. ఐదు సెషన్లు, బొమ్మల చార్టు, ఒక గైడు పుస్తకం. అసలుది ఇంగ్లిష్‌లో ఉండేది, ఎవరితోనో తెలుగు చేయించారు. "మన సంస్కృతికి అనుగుణంగా" అని అట్ట మీద రాసి ఉంది. నిజానికి మారింది ఆ అట్ట ఒక్కటే. దాని మీద బతుకమ్మ బొమ్మ వేశారు. లోపల మేరీ, జాన్ పోయి లక్ష్మి, రాజు వచ్చారు, అంతే.

నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో మొన్న మొదటి సెషన్ పెట్టాను. అందరూ ఒక్కచోట దొరుకుతారని సంఘం మీటింగ్ రోజే పెట్టుకున్నా. మూడో పేజీలో "మీ భాగస్వామితో సురక్షిత లైంగిక చర్య గురించి దృఢంగా సంప్రదింపులు జరపండి" అని ఉంది. ఉన్నదున్నట్టు చదివాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత వెనక నుంచి ఒక పెద్దమ్మ "భాగస్వామంటే ఎవరు బిడ్డా, పాలుకు ఎవుసం చేసేటోడా?" అంది. ఇంకొకామె "సంప్రదింపులైతే సర్పంచ్ ఇంటికాడ పెట్టుకుందాం తియ్" అంది. ఇక నవ్వులే నవ్వులు.

నేనూ నవ్వాను. ఆ తర్వాత రోల్ ప్లే. ఒక కోడలు లేచి నిలబడింది, చూస్తే ఎదురుగా వాళ్ల అత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ కూర్చుంది. రిపోర్టులో "32 మంది హాజరు, సెషన్ విజయవంతం" అని రాశాను. అట్లా రాసినందుకే ఎక్కువ చిరాకుగా ఉంది. ఇంకా నాలుగు సెషన్లున్నాయి. ఫీల్డులో తిరిగినవాళ్లు, ఊళ్లలో ఉండేవాళ్లు చెప్పండి.

టీ_కొట్టు_సెంటర్
"పాలుకు ఎవుసం చేసేటోడా" ఆమెకు దండం. ఆమెనే ఫెసిలిటేటర్‌గా పెట్టుకోండి, పని అయిపోతుంది.

నిజం_నిష్ఠూరం
నాకొక డౌటు. ఇప్పుడు ఎయిడ్స్ ఎక్కడుంది? ఇరవై ఏళ్ల కింద గోడల నిండా రాసేవాళ్లు, ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. ఇవన్నీ ఫండ్స్ తినడానికి పెట్టే ప్రోగ్రాంలు. రోడ్లు బాగుచేయండి ముందు.

పీహెచ్‌డీ_ఎప్పుడవుతుందో
నిష్ఠూరం గారూ, 2021 జాతీయ అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.21 శాతం ఉంటే తెలంగాణలో 0.47. రెండింతల కన్నా ఎక్కువ. వైరస్‌తో బతుకుతున్నవాళ్లలో సుమారు 45 శాతం ఆడవాళ్లు. ఎవరూ మాట్లాడట్లేదన్నది నిజమే. మాట్లాడకపోతే లేనట్టా?

నిజం_నిష్ఠూరం
సరే, అంకె ఒప్పుకున్నా. రోడ్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రిటైర్డ్_సిస్టరమ్మ
స్వాతీ, సంఘం మీటింగులో పెట్టడం దగ్గరే తప్పు జరిగింది తల్లీ. అక్కడికి ఆడవాళ్లు కిస్తీ కట్టడానికి వస్తారు. అత్త, ఆడబిడ్డ, తోడికోడలు అందరూ అదే చాప మీద ఉంటారు. ఆ చాప మీద కూర్చుని మొగుడి సంగతి ఎవరు మాట్లాడతారు? పైగా ఎవరైనా ఒక ప్రశ్న ఎక్కువ అడిగితే సాయంత్రానికి ఊరంతా "ఆమె ఎందుకడిగింది" అని మొదలవుతుంది.

నేను ఏఎన్ఎంగా 31 ఏళ్లు చేసి దిగాను. 2000ల మొదట్లో తల్లి నుంచి బిడ్డకు సోకకుండా మాకు చేతికొచ్చింది ఒక్క నెవిరపిన్ మాత్ర. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఆ మాత్ర, పుట్టినాక బిడ్డకు చుక్కలు. 2014 తర్వాత మారింది. కడుపుతో ఉన్న మనిషికి వైరస్ ఉందని తేలితే అప్పటినుంచి జీవితాంతం మందులే. ఏ మందూ లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు తల్లి నుంచి సోకుతుంది. మందులు సక్కగా వాడితే అయిదుగురి లోపే. అంత మంచి మార్పు నా కళ్లతో చూశాను.

కానీ ఒకటి మారలేదు. కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్ష ముందు ఆడమనిషికే చేస్తాం. కాబట్టి ముందు బయటపడేది ఆమెదే, నింద కూడా ముందు ఆమెకే. మొగుడికి అంతకుముందు నుంచే ఉన్నా సరే, "నీతోనే వచ్చింది" అంటారు. ఎంతమందిని పుట్టింటికి పంపించేశారో నాకు లెక్క తెలుసు. మీ పుస్తకంలో దీని గురించి ఒక్క పేజీ అయినా ఉందా?

హన్మకొండ_స్వాతి
లేదు సిస్టర్. "పరీక్ష చేయించుకోండి" అని ఒక పేజీ ఉంది. చేయించుకుంటే ఇంట్లో ఏమవుతుందో లేదు.

గునుగుపువ్వు
అయితే పాట కట్టుకుందాం. మన దగ్గర ఆడవాళ్లకు నోరు విప్పే చోటు బతుకమ్మే కదా. ఇప్పటికిప్పుడు అల్లింది, తప్పులుంటే దిద్దండి.

తొలినెల తప్పింది ఉయ్యాలో
దవాఖానకు పోయె ఉయ్యాలో
తనకొక్క సుక్క రక్తం ఉయ్యాలో
మగనికొక్క సుక్క ఉయ్యాలో
ఇద్దరికి ఒక్కనాడె ఉయ్యాలో
ఇంట్ల లొల్లి లేదు ఉయ్యాలో

టీ_కొట్టు_సెంటర్
"ఇంట్ల లొల్లి లేదు" అన్నది ఒక్కటే అబద్ధం. మిగతాదంతా బాగుంది.

కాకతీయ_తోరణం
ఎవరికీ కోపం రావద్దు గానీ, గౌరమ్మను పెట్టుకుని ఆడే ఆటలో ఈ రోగం పాట ఏంది? పండగ పండగలాగా ఉండనీయండి. ప్రతి స్కీముకూ బతుకమ్మనే దొరికిందా? ఎన్నికలకు బతుకమ్మ, మరుగుదొడ్లకు బతుకమ్మ, ఇప్పుడు దీనికి.

గునుగుపువ్వు
తోరణం అన్నా, బతుకమ్మ పాటల్లో అత్త పెట్టిన ఆరళ్లు లేవా, కష్టాలు లేవా? చిన్నప్పుడు మా అమ్మమ్మ పాడుతుంటే సగం పాటలకు ఏడుపొచ్చేది. ఆడవాళ్ల బాధ పాడితే పండగ చెడదు.

కాకతీయ_తోరణం
బాధ పాడుకోవడం వేరు. ఆఫీసులో రాసిచ్చిన పాటను ఫోటో కోసం పాడించడం వేరు. నేను మాట్లాడేది రెండోదాని గురించి.

డోర్నకల్_తండా
ఈ బతుకమ్మ గొడవ చూస్తే నవ్వొస్తోంది. మా తండాకు రెండేళ్ల కింద ఒక టీం వచ్చింది. హెచ్‌ఐవీ మీద బతుకమ్మ పాట పాడించి "మీ సంస్కృతిలోనే చెబుతున్నాం" అన్నారు. మేం లంబాడీలం, మా పండగలు తీజ్, సీత్లా. బతుకమ్మ మేమూ ఆడతాం, కాదనను. కానీ మా నాయనమ్మకు తెలుగు పాట సగమే అర్థమవుతుంది. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. ఆ రోజు ఆమె చివరిదాకా చప్పట్లు కొట్టి, పోతూ పోతూ "ఏం పండగ?" అని అడిగింది.

హన్మకొండ_స్వాతి
నా లిస్టులో రెండు తండాలున్నాయి. ఇది చదివితే చేతులు చల్లబడ్డాయి.

గునుగుపువ్వు
తీజ్ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలే కదా చేసేది. అప్పుడు పిల్లలకు చెప్పొచ్చేమో?

డోర్నకల్_తండా
వద్దక్కా. బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ పాడుకునే రోజులవి, చుట్టూ పెద్దవాళ్లుంటారు. ఈ మాట ఎత్తితే మళ్లీ ఏడు మా పిల్లల్ని ఇంట్లోంచి పంపరు. మా భాష వచ్చిన ఒక వదినకు ముందు మీరు నేర్పండి, ఆమెకు జీతం ఇవ్వండి. మిగతాది ఆమెకు వదిలేయండి.

పీహెచ్‌డీ_ఎప్పుడవుతుందో
స్వాతి గారూ, మీ పుస్తకం ఎక్కడ పుట్టిందో నాకు అనుమానంగా ఉంది. ఐదు సెషన్లు, దృఢంగా మాట్లాడటం, రోల్ ప్లే... ఇవన్నీ "సిస్టా" పోలికలు. అది అమెరికాలో నల్లజాతి మహిళల కోసం తయారైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. వారానికొకటి చొప్పున ఐదు సెషన్లు. దాంట్లో మొదటి సెషన్ రోగం గురించి ఉండదు. నల్లజాతి ఆడదానిగా పుట్టినందుకు గర్వపడటం గురించి ఉంటుంది, అక్కడి కవయిత్రుల కవితలు చదివిస్తారు. ముందు "నేనంటే నాకు విలువ" అనిపించి, ఆ తర్వాతే కండోమ్ దాకా వస్తారు. లాటినా మహిళల కోసం దాన్నే "అమిగాస్"గా మార్చినప్పుడు నాలుగు సెషన్లు చేశారు, వాళ్ల కుటుంబాల్లో మగ పెత్తనం ఎట్లా ఉంటుందో దాని చుట్టూ మళ్లీ రాశారు. పేర్లు మార్చి వదిలేయలేదు.

ఇట్లా మార్చడానికి "అడాప్ట్-ఐటీటీ" అని ఎనిమిది మెట్ల పద్ధతి ఉంది, 2008లో వింగుడ్, డిక్లెమెంటే రాశారు. సిస్టా చేసినవాళ్లు కూడా వీళ్లే. దాంట్లో మూడో మెట్టు నాకు చాలా ఇష్టం. పాత ప్రోగ్రాంను మార్చకుండా అక్కడి ఆడవాళ్ల ముందు ఆడించి చూపిస్తారు. వాళ్లు ఎక్కడ నవ్వారు, ఎక్కడ మొహం తిప్పుకున్నారు, ఏ మాట అర్థం కాలేదు, అన్నీ రాసుకుంటారు. ఆ తర్వాతే మార్పులు. అంటే మీ సెషన్ పాడవలేదు, తెలియకుండానే మూడో మెట్టు ఎక్కారు. "విజయవంతం" అని రాసిన రిపోర్టు చించేసి, ఆ పెద్దమ్మ అన్న మాటలు రాయండి.

హన్మకొండ_స్వాతి
మా మేనేజర్‌కు ఈ మూడో మెట్టు సంగతి ఎట్లా చెప్పాలో కూడా మీరే చెప్పండి.

సింగరేణి_నైట్‌షిఫ్ట్
మగవాణ్ని, మాట్లాడొచ్చా? ఆడవాళ్లకే చెబుతారు, "ఇంటికి పోయి మీ ఆయనకు చెప్పు" అంటారు. ఆమె వచ్చి చెబితే ఇంట్లో యుద్ధం. మాకు నేరుగా చెప్పడానికి మీకేం నొప్పి? మంగలి షాపులో పెట్టండి, కల్లు మండువలో పెట్టండి.

జగిత్యాల_రేఖ
మీకు చెప్పక ఏం? చిన్నప్పుడు ఊరూరా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టింది మీ కోసమే కదా. పులిరాజా సంగతి రాష్ట్రమంతా మాట్లాడింది. పులిరాజా పెళ్లాం సంగతి ఎవరైనా అడిగారా?

టీ_కొట్టు_సెంటర్
నేను అప్పుడు అయిదో తరగతి. పులిరాజా అంటే సర్కస్ అనుకుని మా నాయనను తీసుకపొమ్మని ఏడ్చాను. ఒక దెబ్బ పడింది, ఎందుకు పడిందో పదో తరగతిలో అర్థమైంది.

సింగరేణి_నైట్‌షిఫ్ట్
రేఖ గారు అన్నది కరెక్టే, నేను అట్లా ఆలోచించలేదు. కానీ మగవాళ్లను పక్కన పెడితే పని కాదన్న మాట మీద ఉన్నా.

జగిత్యాల_రేఖ
దాని మీద నాకూ తగాదా లేదు. నా సంగతి చెబుతా. మా ఆయన దుబాయ్‌లో పదకొండేళ్లుగా ఉన్నాడు. రెండేళ్లకోసారి రెండు నెలలు వస్తాడు. ఆ రెండు నెలలు ఇల్లు పెళ్లిల్లే. చుట్టాలు, అత్తరు సీసాలు, చాక్లెట్లు. అట్లాంటప్పుడు "నిరోధ్ వాడు" అంటే "అక్కడ ఏం చేసినవ్" అని అడిగినట్టు. వెంటనే ఆయన "నువ్విక్కడ ఏం చేసినవ్" అంటాడు. స్వాతి గారి పుస్తకంలో "దృఢంగా" అని ఉంది చూశారా, ఆ మాట రాసినామెను ఒక్క రాత్రి మా ఇంట్లో ఉంచాలి.

ఇంకోటి. మా దిక్కు ఆడవాళ్లందరి నమ్మకం ఏమిటంటే "గల్ఫ్ పోయేటోనికి మెడికల్ చేస్తరు, పాసైతేనే తోలుతరు, కాబట్టి ఆయనకేం లేదు." ఆ మెడికల్ పోయే ముందుది. పోయినాక సంగతి అది ఎట్లా చెబుతుంది? అక్కడ మళ్లీ పరీక్షలో తేలితే తిప్పి పంపించేస్తారు. అట్లా వచ్చినోళ్లు ఇంట్లో "కంపెనీ మూతపడ్డది" అంటారు. నాకు తెలిసిన ఒక ఇల్లు అట్లాగే అయింది. మా దగ్గర ఎవరైనా సెషన్ పెడితే మొదలు ఈ మెడికల్ ముచ్చట పెట్టాలి. ఇంగ్లిష్ పుస్తకంలో ఇది ఎందుకుంటుంది?

ఆశా_వర్కర్_ములుగు
రేఖక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకో చిక్కు కూడా ఉంది. "పిల్లలు ఇప్పుడే వద్దు, అందుకే వాడు" అని చెప్పమంటారు కదా, ఆ సాకు మన దగ్గర నడవదు. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా ఆపరేషన్ అయినవాళ్లే. ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఆ తర్వాత నిరోధ్ ఎందుకంటే ఏం చెబుతుంది?

నేను ఏం చేస్తానంటే హెచ్‌ఐవీ మాటే ఎత్తను. తెల్లబట్ట గురించి మొదలుపెడతా. తెల్లబట్ట, నడుం నొప్పి, దురద అంటే సిగ్గుపడకుండా మాట్లాడతారు, అత్త ముందు కూడా మాట్లాడతారు. అక్కడి నుంచి సురక్ష క్లినిక్‌కు తీసుకుపోతా. అక్కడ మందులిస్తారు, రక్తపరీక్ష కూడా అవుతుంది. ఇంటికొచ్చి "మందులు వాడినన్ని రోజులు నిరోధ్ వాడాల్నట, డాక్టరమ్మ చెప్పింది" అని మొగునికి చెప్పమంటా. అనుమానం పోయి డాక్టరమ్మ మీద పడుతుంది. డాక్టరమ్మ మోస్తుంది, ఆమెకేం.

పీహెచ్‌డీ_ఎప్పుడవుతుందో
ఇదే "సంప్రదింపులు" అంటే. ఆ మాట వాడకుండా చేస్తున్నారు మీరు. పుస్తకంలో తీసేయకూడనిది ఏమిటంటే ఆడవాళ్లు ఆ మాటను నోటితో ఒకసారి పలికి చూసుకోవడం, అది అలవాటు కావడం. ఎవరి పేరు మీద చెబుతారు, ఎక్కడ చెబుతారు, ఏ సాకుతో చెబుతారు అన్నవి ఎంతైనా మార్చుకోవచ్చు. సిగ్గని రోల్ ప్లే మొత్తం ఎత్తేస్తే మిగిలేది ఉపన్యాసం. ఉపన్యాసం విని ఎవరూ మారరు.

రాత్రి_తొమ్మిదికి
ఇన్ని రోజులు చదివి ఊరుకున్నా, ఇవాళ రాస్తున్నా. నేను పాజిటివ్. 2009 నుంచి మందులు వాడుతున్నా. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ లేదు. ఆయన లేడు.

ఆశా చెల్లె సాకు మంచిదే గానీ అది పద్నాలుగు రోజుల సాకు. పదిహేనో రోజు ఏం చెప్పాలి? నేనూ అట్లాంటివి చెప్పినదాన్నే.

నాకు మీ అందరితో ఉన్న తగాదా వేరే. "రాకుండా చూడటం" అనగానే గోడ మీద పుర్రె బొమ్మ, ఎముకల మనిషి, "ఎయిడ్స్ అంటే చావు". అదంతా మీరు వేరేవాళ్లను భయపెట్టడానికి పెట్టారు. మా ఇంట్లో ఏమైందంటే ఆ పుర్రె చూసిన మా అత్త నా గ్లాసు, నా కంచం వేరు పెట్టింది. స్టీలు గ్లాసు, అడుగున మేకుతో గీత గీసింది. ఆ గ్లాసు ఇంకా ఉంది నా దగ్గర. ఒక ప్రైవేటు దవాఖానలో నా ఫైలు మీద ఎర్ర ఇంకుతో పెద్దగా రాసి బల్ల మీద అందరికీ కనపడేటట్టు పెట్టారు. పరీక్షకు మన ఒప్పుకోలు ఉండాలి, ఫలితం గుట్టుగా ఉంచాలి అని 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. నాకు ఆ చట్టం గురించి చెప్పినామె ఒక కౌన్సెలర్, ఆమె ఇంటి పేరు కూడా నాకు తెలియదు.

నేను మా జిల్లాలో మందులు తీసుకోను. బస్సెక్కి వేరే జిల్లాకు పోతా, తెలిసినవాళ్లు కనపడతారని. మీ సెషన్లో పుర్రె ఉంటే ఆ గుంపులో నాలాంటామె ఒకతి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఆమె ఆ రోజు నుంచి నోరు తెరవదు.

రిటైర్డ్_సిస్టరమ్మ
చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు బిడ్డా. ఆ పుర్రె పోస్టర్లు నా చేతులతో అతికించాను. పైనుంచి వచ్చాయి, అతికించాం.

హన్మకొండ_స్వాతి
అక్కా, మా చార్టులో 11వ బొమ్మ అదే. ఇవాళే చింపేస్తా. మందులు వాడితే వైరస్ పరీక్షలో కనపడనంత తగ్గుతుంది, అప్పుడు సంభోగం ద్వారా ఇంకొకరికి సోకదు అన్న సంగతి మా పుస్తకంలో ఒక్క లైను కూడా లేదు. మీరు ఒకసారి మా సెషన్‌కు వచ్చి మాట్లాడతారా?

రాత్రి_తొమ్మిదికి
మాట్లాడను. నన్ను స్టేజీ మీద కూచోబెట్టి "ధైర్యవంతురాలు" అంటారు. నా పిల్లలు స్కూలుకు పోతున్నారు.

టీ_కొట్టు_సెంటర్
జోకులేసినందుకు సారీ అక్కా.

రాత్రి_తొమ్మిదికి
వేసుకో తమ్మీ. పులిరాజా సర్కస్‌కు నేనూ నవ్వాను.

నిజం_నిష్ఠూరం
ఒక మాట అడుగుతా, తిట్టొద్దు. కొత్తగా పెళ్లైన మా చెల్లెలికి డౌటుంది, ఎవరికీ తెలియకుండా ఎక్కడ అడగాలి?

రిటైర్డ్_సిస్టరమ్మ
1097 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమనండి, పైసలు పడవు, పేరు చెప్పక్కర్లేదు. పరీక్ష పెద్ద సర్కారు దవాఖానలో ఐసీటీసీ అనే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల గదిలో ఉచితం. ఒకవేళ నిన్నామొన్న ఏదైనా జరిగి భయపడుతుంటే ఆగొద్దు. 72 గంటల లోపు మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. తొందరగా పోతే అంత మంచిది.

నిజం_నిష్ఠూరం
థ్యాంక్స్ సిస్టర్.

జగిత్యాల_రేఖ
స్వాతీ, ఒక ఐడియా. నేను బీడీలు చేస్తా. ఒడిలో చాట, చాటలో తునికాకు, పక్కన జర్దా, చేతిలో కత్తెర. మా వాడకట్టులో అయిదారుగురం ఒకే అరుగు మీద కూచుని చేస్తాం. తల వంచుకునే ఉంటాం, కళ్లు ఆకు మీద, చేతులు వాటంతట అవే నడుస్తాయి. చెప్పరాని ముచ్చట్లన్నీ ఆ అరుగు మీదే చెప్పుకుంటాం. ఎందుకంటే ఎదుటిదాని మొహం చూడక్కర్లేదు. మీరేమో గుండ్రంగా కూచోబెట్టి "ఒకరి కళ్లలోకి ఒకరు చూడండి" అంటారు. కళ్లల్లోకి చూస్తే మాట వస్తదా?

హన్మకొండ_స్వాతి
మా దిక్కు బీడీలు తక్కువ. మిర్చి ఉంది. ఇప్పుడు కల్లాల్లో తాలు ఏరుతున్నారు, ఎనిమిది పది మంది గుంపులుగా. అక్కడికి పోతే?

జగిత్యాల_రేఖ
పో. చార్టు ఇంట్లో పెట్టి పో.

ఆశా_వర్కర్_ములుగు
నిరోధ్ తొడిగి చూపించే చెక్క బొమ్మ తీసుకుపోతే మాత్రం జాగ్రత్త. నేను ఒకసారి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కా. పక్కనున్న ముసలామె "ఏం కూర బిడ్డా" అని మూత తీసింది.

టీ_కొట్టు_సెంటర్
ఆగలేకపోతున్నా. తర్వాత?

ఆశా_వర్కర్_ములుగు
మూత పెట్టేసింది. దిగేదాకా ఆమె మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

హన్మకొండ_స్వాతి
మూడు వారాలైంది, ఏమైందో చెబుతా.

మేనేజర్‌ను ఒప్పించడానికి పీహెచ్‌డీ గారి మూడో మెట్టే పనిచేసింది. "విదేశాల్లో కూడా ఇట్లాగే చేస్తారట" అంటే వెంటనే ఒప్పుకున్నారు. కల్లానికి పొద్దున ఏడింటికే పోయాను, ఎండ పడకముందు. కొంగు ముక్కుకు కట్టుకుని నేనూ తాలు ఏరడానికి కూచున్నా. మొదటి గంట తుమ్ములతోనే సరిపోయింది. వాళ్లకు నా మీద జాలేసింది, అదే మంచిదైంది. ఎవరో "నీకెందుకమ్మా ఈ తిప్పలు" అన్నారు, అక్కడి నుంచి మాట మొదలైంది. నేను తెల్లబట్టతో మొదలుపెట్టా. మిగతాది వాళ్లే లాగారు. లారీ మీద పోయే మొగుళ్లు, హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయి మూడు నెలలకోసారి వచ్చేవాళ్లు. రోల్ ప్లే అనే మాట వాడలేదు. "మీ ఆయన ఇట్లా అంటే ఏమంటవ్ వదినా" అని ఒకామెను అడిగితే, తల ఎత్తకుండా, మిరపకాయ ఏరుతూనే, మొగుడి గొంతు ఒకటి, తన గొంతు ఒకటి పెట్టి మొత్తం చెప్పింది. పక్కామె "అట్ల గాదు, నేనైతే ఇట్లంట" అని అందుకుంది. నలుగురు చెప్పారు. పుస్తకంలో 20 నిమిషాలని ఉంది, గంట పట్టింది.

ఇక తప్పు. కండోమ్ చూపించమని వాళ్లే అడిగారు. పొడుగు వంకాయ ఒకటి దొరికింది. నేను విప్పి చూపించి, "మీరూ ఒకసారి చేసి చూడండి" అని ఇచ్చాను. అందరి చేతులూ మిర్చి చేతులే. అదే పెద్దమ్మ, పాలుకు ఎవుసం అన్న పెద్దమ్మ, వంకాయకు తొడిగి పైకి ఎత్తి పట్టుకుని, "ఇది గిట్ల మీ ఆయనకు తొడిగితే ఇంకోదాని దిక్కు జన్మల పోడు" అంది. కల్లం మొత్తం కింద పడి నవ్వారు. కాబట్టి ఎవరైనా ఇట్లా చేసేదుంటే ముందు చేతులకు నూనె రాసి కడిగించండి, దయచేసి.

టీ_కొట్టు_సెంటర్
నేను మొదటి రోజే చెప్పాను, ఆమెను ఫెసిలిటేటర్‌గా పెట్టుకోమని.

హన్మకొండ_స్వాతి
పెట్టుకున్నాం. ఆమెకు రోజు కూలి ఇవ్వడానికి బడ్జెట్‌లో హెడ్డు లేదట. "స్టేషనరీ" కింద రాశాం. చార్టులు ప్రింట్ చేయలేదు కదా, ఆ డబ్బులు మిగిలాయి.

డోర్నకల్_తండా
మా తండాకు?

హన్మకొండ_స్వాతి
మీ భాష వచ్చినామె దొరికేదాకా రాను. దొరికితే చెప్పండి, ఆమెకూ స్టేషనరీ ఉంది.

కాకతీయ_తోరణం
గునుగు చెల్లె పాట ఏమైంది మరి?

హన్మకొండ_స్వాతి
నేను ఎత్తలేదన్నా. తాలు ఏరేటప్పుడు "ఇద్దరికి ఒక్కనాడె" అన్న లైను మాత్రం మాటల్లో చెప్పాను. ఒకామె దానికి తన బాణీలో రాగం తీసింది. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు తమ మొగుళ్లతో కలిసి పరీక్షకు పోతామన్నారు, పోతారో లేదో చూడాలి. అత్తలు కూడా "మాకు వేరే పెట్టు, కోడండ్లు లేకుంట" అని అడిగారు. మంగళవారం అదే కల్లంలో.

గునుగుపువ్వు
తన బాణీలోనే ఉండనీ. నాది మర్చిపోండి.

రాత్రి_తొమ్మిదికి
మంగళవారం నాకు మందుల డేటు. బుధవారానికి మార్చగలిగితే వస్తా. మాట్లాడమని అడగొద్దు. తాలు ఏరడం వచ్చు.